ప్రభుత్వ కంపెనీలను నిలదీసి అడిగేదెవరు? రాయలసీమ నుంచి ఒక పరిశీలన

కర్నూలులో దిన్నెదేవరపాడు దారిలో ఉన్న విద్యుత్ నియంత్రణ భవన్ నుంచి, కరెంటు ధరలు నిర్ణయించే రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి ఇచ్చే ఉత్తర్వు రాష్ట్రంలోని ప్రతి ఇంటి కరెంటు బిల్లులోనూ ప్రతిఫలిస్తుంది. ఆ ఉత్తర్వు కోసం దరఖాస్తు చేసేది డిస్కంలు, అంటే విద్యుత్ పంపిణీ సంస్థలు. వాటిలో కర్నూలు, అనంతపురం, కడప జిల్లాలకు కరెంటు పంచేది తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ, అంటే ఎస్పీడీసీఎల్. ఈ డిస్కంలు ప్రైవేటు వ్యాపారాలు కావు, పూర్తిగా రాష్ట్ర ప్రభుత్వ యాజమాన్యంలోని కంపెనీలు. యజమాని ప్రభుత్వమైనప్పుడు ఆ యజమానిని ప్రజల పక్షాన అడగవలసింది శాసనసభ. డిస్కంల గురించీ, నియంత్రణ మండలి గురించీ పత్రికల్లో ఏదో ఒక వార్త వస్తూనే ఉంటుంది. ఆ రెండింటినీ శాసనసభ ఏమని అడిగింది, ఏ జవాబు రాబట్టింది అన్న వార్త మాత్రం అరుదు. కంపెనీని నడిపేవారు, లెక్కలు చూసేవారు, ధర నిర్ణయించేవారు వేర్వేరుగా ఉన్న ఈ ఏర్పాటులో అందరినీ ఒకే చోటికి పిలిపించి, కాగితాలు తెప్పించుకుని జవాబు చెప్పించగల అధికారం చట్టసభ కమిటీకి ఉంది. ఆ అధికారం సరిగా వాడుకలో లేకపోవడం వల్ల మిగతా ఏర్పాట్లన్నీ సగం పనికే పరిమితమవుతున్నాయి.

కరెంటు బిల్లు దగ్గరే మొదలుపెట్టవచ్చు. అందులో వాడిన యూనిట్ల ఛార్జీ, ఫిక్స్‌డ్ ఛార్జీ, విద్యుత్ సుంకం ఉంటాయి. వాటి కింద ఎఫ్‌పీపీసీఏ పేరుతోనో ట్రూ-అప్ పేరుతోనో సర్దుబాటు మొత్తం ఉంటుంది. గడిచిపోయిన కాలంలో వాడిన కరెంటుకు, అప్పట్లో వేసుకున్న అంచనా కన్నా ఎక్కువ ఖర్చయిందని ఇప్పుడు వసూలు చేసే డబ్బు అది. 2021 ఆగస్టులో నియంత్రణ మండలి 2014-19 కాలానికి సుమారు రూ.3,669 కోట్ల సర్దుబాటుకు అనుమతినిచ్చింది. ఎస్పీడీసీఎల్ పరిధిలో యూనిట్‌కు రూ.1.23, ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాలున్న తూర్పు డిస్కం పరిధిలో 45 పైసలు పడ్డాయి. ఒకే రాష్ట్రంలో, ఒకే ప్రభుత్వానికి చెందిన రెండు కంపెనీల మధ్య ఇంత తేడా ఎందుకొచ్చిందన్న ప్రశ్న అనంతపురంలో బిల్లు కట్టే ప్రతి ఒక్కరికీ వచ్చి ఉంటుంది. ప్రజలకు తగిన బహిరంగ ప్రకటన ఇవ్వకుండానే ఉత్తర్వు ఇచ్చారన్న వ్యాజ్యం హైకోర్టుకు వెళ్లాక, మండలి ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకుని మళ్లీ విచారణ చేపట్టింది.

మూడేళ్ల తర్వాత 2022-23 సంవత్సరానికి డిస్కంలు సుమారు రూ.8,114 కోట్లు అడిగితే మండలి కోత పెట్టి రూ.6,072 కోట్లకే అనుమతి ఇచ్చింది. ఆ వెంటనే 2023-24కు మరో రూ.9,412 కోట్లకు అనుమతి ఇచ్చింది. ఈ కోత చిన్న విషయం కాదు. దాదాపు రెండు వేల కోట్ల రూపాయల ఖర్చును వినియోగదారుల మీద వేయడం న్యాయం కాదని ఒక స్వతంత్ర సంస్థ తేల్చి చెప్పింది. అయితే మండలి పని అక్కడితో ముగుస్తుంది. ఆ ఖర్చు ఎందుకు అయింది, దానికి ఎవరు బాధ్యులు, కోత పడిన మొత్తాన్ని డిస్కం ఎక్కడి నుంచి తెచ్చి పూడ్చుకుంటుంది, అప్పు చేస్తే దాని వడ్డీ మళ్లీ ఎవరి నెత్తిన పడుతుంది అన్న ప్రశ్నలు మండలి ఉత్తర్వు దగ్గర ఆగిపోతాయి. అవి యజమానిని అడగవలసిన ప్రశ్నలు, అంటే శాసనసభ అడగవలసినవి.

కడప జిల్లాలోని రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం ఈ చిక్కును బాగా చూపిస్తుంది. ఎర్రగుంట్ల, ముద్దనూరు ప్రాంతంలోని ఈ కేంద్రంలో 210 మెగావాట్ల యూనిట్లు అయిదు, 600 మెగావాట్ల యూనిట్ ఒకటి ఉన్నాయి. మొత్తం సామర్థ్యం 1,650 మెగావాట్లు. యజమాని ఏపీ జెన్‌కో. దగ్గరలో బొగ్గు గనులు లేవు. సింగరేణి నుంచీ ఒడిశా నుంచీ రైళ్లలో బొగ్గు రావాలి. రవాణా ఖర్చు కలిసేసరికి యూనిట్ ఉత్పత్తి ధర పెరుగుతుంది. చవకైన కరెంటు ముందు కొనాలన్న మెరిట్ ఆర్డర్ నియమం ప్రకారం ఈ కేంద్రం వరుసలో వెనక్కి పోతుంది. ఉత్పత్తి తగ్గించమన్నప్పుడల్లా యూనిట్లు ఆగుతాయి. ఆగినా స్థిర ఛార్జీలు డిస్కం చెల్లించాలి, ఆ భారం చివరికి బిల్లులోకి వస్తుంది. ఇందులో ఉత్పత్తి చేసేది ప్రభుత్వ కంపెనీ, సరఫరా లైన్లు వేసే ట్రాన్స్‌కో ప్రభుత్వ కంపెనీ, పంచేదీ ప్రభుత్వ కంపెనీయే. వ్యవసాయ సబ్సిడీ ఇవ్వవలసింది కూడా ప్రభుత్వమే. ఒకే చొక్కాకున్న నాలుగు జేబుల మధ్య డబ్బు తిరుగుతోంది, ఏ జేబుకు ఎక్కడ చిల్లు పడిందో విడివిడిగా చూస్తే తెలియదు. జెన్‌కోను అడిగితే బొగ్గు అంటుంది, డిస్కంను అడిగితే జెన్‌కో ధర అంటుంది, ఆర్థిక శాఖను అడిగితే సబ్సిడీ ఇచ్చేశామంటుంది. తిలాపాపం తలాపిడికెడు అన్నట్టు బాధ్యత పంచుకుపోయి, చివరికి ఎవరి దగ్గరా మిగలదు. నలుగురినీ ఒకేసారి కూర్చోబెట్టగల వేదిక శాసనసభలోని ప్రభుత్వ రంగ సంస్థల కమిటీ మాత్రమే.

సబ్సిడీ విషయంలో చట్టం చాలా స్పష్టంగా ఉంది. 2003 విద్యుత్ చట్టం 65వ సెక్షన్ ప్రకారం ఏదైనా వర్గానికి ధర తగ్గించాలని రాష్ట్ర ప్రభుత్వం అనుకుంటే ఆ మొత్తాన్ని ముందుగా చెల్లించాలి. బోరుబావుల మీద బతికే అనంతపురం లాంటి జిల్లాలో ఉచిత వ్యవసాయ విద్యుత్ రైతుకు ప్రాణావసరం, దాన్ని తప్పుపట్టే ఉద్దేశం ఈ వ్యాసానికి లేదు. అడగవలసింది ఆ డబ్బు సకాలంలో డిస్కంకు చేరిందా లేదా అని. మీటర్లు లేని పంపుసెట్ల వాడకాన్ని అంచనా వేసి లెక్క కడతారు కాబట్టి, ఆ అంచనాలో డిస్కం నష్టాలు కూడా కలిసిపోయే అవకాశం ఉంది. రైతు పేరు మీద రాసిన యూనిట్లలో నిజంగా రైతు పొలానికి చేరినవి ఎన్ని అన్నది రైతు గౌరవానికి కూడా సంబంధించిన ప్రశ్న.

ఇలాంటి ప్రశ్నలు అడగడానికి ప్రత్యేకంగా ఒక కమిటీ ఎందుకు పుట్టిందో తెలుసుకోవాలంటే 1957కు వెళ్లాలి. అంతకుముందు ఏడాదే జాతీయం చేసిన జీవిత బీమా సంస్థ, వ్యాపారి హరిదాస్ ముంద్రాకు చెందిన ఆరు కంపెనీల వాటాలను దాదాపు రూ.1.24 కోట్లు పెట్టి కొన్నది. ఈ విషయాన్ని ఫిరోజ్ గాంధీ లోక్‌సభలో లేవనెత్తారు. చాగ్లా విచారణ సంఘం బహిరంగంగా విచారణ జరిపింది. ఆర్థిక మంత్రి టి.టి.కృష్ణమాచారి 1958 ఫిబ్రవరిలో రాజీనామా చేశారు. ప్రభుత్వ సొమ్ముతో నడిచే సంస్థలకు వ్యాపార స్వేచ్ఛ ఇవ్వాలి, అదే సమయంలో అవి పార్లమెంటుకు జవాబు చెప్పాలి అన్న రెండు అవసరాలను ఎలా కలపాలన్న చర్చ ఆ రోజుల్లో గట్టిగా సాగింది. దాని ఫలితంగా 1964లో పార్లమెంటులో ప్రభుత్వ రంగ సంస్థల కమిటీ ఏర్పడింది. నేడు అందులో లోక్‌సభ నుంచి 15 మంది, రాజ్యసభ నుంచి 7గురు ఉంటారు, మంత్రులు ఉండరాదు. ప్రభుత్వ ప్రధాన విధానాలూ, సంస్థ రోజువారీ పరిపాలనా ఈ కమిటీ పరిధిలోకి రావు. సంస్థ వ్యాపార సూత్రాల ప్రకారం వివేకంగా నడుస్తోందా అన్నది వస్తుంది. రాష్ట్రాల శాసనసభలు కూడా ఈ నమూనానే తీసుకున్నాయి.

మరో మూడేళ్లకు వచ్చిన మార్పు అనంతపురం జిల్లా మనిషి చేతుల మీదుగా జరిగింది. ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి 1967లో లోక్‌సభ స్పీకరు అయ్యారు, అవుతూనే కాంగ్రెస్ పార్టీ సభ్యత్వం వదులుకున్నారు. ఆ ఏడాదే, ప్రభుత్వ ఖర్చును తనిఖీ చేసే ప్రజా పద్దుల కమిటీ అధ్యక్ష పదవి తొలిసారి ప్రతిపక్షానికి, స్వతంత్ర పార్టీ నాయకుడు మినూ మసానీకి దక్కింది. అప్పటి నుంచి అదే సంప్రదాయమైంది. దీన్ని రాజ్యాంగం నిర్దేశించలేదు. ఖర్చు పెట్టేవారే ఆ ఖర్చును తనిఖీ చేస్తే తనిఖీకి అర్థం ఉండదన్న ఇంగితం నుంచి పుట్టిన ఆచారం అది.

ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర విభజన తర్వాత 2024 దాకా ఈ పదవి వరుసగా రాయలసీమ నాయకులకే వచ్చింది. 2014లో నంద్యాల శాసనసభ్యుడు భూమా నాగిరెడ్డి ప్రజా పద్దుల కమిటీ అధ్యక్షుడయ్యారు. ఆయన 2016లో అధికార పార్టీలోకి వెళ్లాక డోన్ శాసనసభ్యుడు బుగ్గన రాజేంద్రనాథ్ రెడ్డి వచ్చారు. 2019లో ప్రభుత్వం మారి, బుగ్గన ఆర్థిక మంత్రి అయ్యారు, అనంతపురం జిల్లా ఉరవకొండకు చెందిన పయ్యావుల కేశవ్ కమిటీ అధ్యక్షుడయ్యారు. 2021 జులైలో కేశవ్ సుమారు రూ.41,000 కోట్ల లావాదేవీలకు సరైన లెక్కలు లేవని గవర్నరుకు ఫిర్యాదు చేశారు. అవి సాఫ్ట్‌వేర్‌లో ప్రత్యేక బిల్లులుగా నమోదైన సర్దుబాట్లు మాత్రమేనని ఆర్థిక మంత్రిగా బుగ్గన జవాబిచ్చారు. 2024లో మళ్లీ ప్రభుత్వం మారి, కేశవ్ ఆర్థిక మంత్రి అయ్యారు. కమిటీ అధ్యక్షుడిగా అడిగిన ఇద్దరూ వరుసగా జవాబు చెప్పే కుర్చీలోకి వెళ్లారు. లెక్కలు తెలిసినవారు ఆర్థిక శాఖకు రావడం మంచిదే. కానీ ఆ 41,000 కోట్ల వివాదంలో ఎవరి మాట ఎంతవరకు నిజమో తేల్చవలసిన సభాముఖమైన పని రాజభవన్ గుమ్మం దగ్గరా, పత్రికా సమావేశాల్లోనూ నడిచింది. కమిటీ సాక్ష్యాలు తీసుకుని, సభకు నివేదిక ఇచ్చి, ఆ నివేదిక మీద ప్రభుత్వం చర్యల వివరం సమర్పించి ఉంటే ఈ వివాదానికి ఒక కాగితం మిగిలేది.

2024 నవంబరులో ఇంకో మలుపు వచ్చింది. ప్రజా పద్దుల కమిటీ, అంచనాల కమిటీ, ప్రభుత్వ రంగ సంస్థల కమిటీ, ఈ మూడింటికీ శాసనసభ నుంచి తొమ్మిదిమంది చొప్పున దామాషా పద్ధతిలో ఎన్నికవుతారు. 175 మంది సభలో తొమ్మిది స్థానాలకు ఆ పద్ధతిలో ఒకరు గెలవాలంటే 18 ఓట్లు కావాలి. ప్రతిపక్ష వైఎస్సార్సీపీకి ఉన్నది 11. ఆ పార్టీ ఎన్నికను బహిష్కరించింది. అధ్యక్ష పదవి అధికార కూటమిలోని జనసేనకు వెళ్లింది. అంకెల ప్రకారం ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ 1967 నాటి ఆచారం అంకెల మీద నిలబడింది కాదు. ప్రతిపక్షం చిన్నదైన కొద్దీ తనిఖీ అవసరం పెరుగుతుందే తప్ప తగ్గదు. ఓడిన పార్టీ మీద దయతో ఇచ్చే బహుమతిగా ఈ పదవిని చూడడం పొరపాటు. దాన్ని వదులుకోవడం వల్ల నష్టపోయేది సభ.

ఈ చర్చలో అందరూ మరిచిపోయే సంగతి ఒకటుంది. ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్ నివేదికల్లో శాఖల ఖర్చుకు సంబంధించిన భాగం ప్రజా పద్దుల కమిటీకి వెళ్తుంది. కంపెనీలకు సంబంధించిన భాగం ప్రభుత్వ రంగ సంస్థల కమిటీకి వెళ్తుంది. ప్రతిపక్షానికి అధ్యక్ష పదవి ఇచ్చే ఆచారం మొదటిదానికే పరిమితం. డిస్కంలు, జెన్‌కో, ఖనిజాభివృద్ధి సంస్థ, మద్యం అమ్మే బెవరేజెస్ కార్పొరేషన్ వంటివన్నీ రెండో కమిటీ పరిధిలోవి. ప్రభుత్వాలు ఇటీవల బడ్జెట్ కన్నా కంపెనీల ద్వారానే ఎక్కువ సాహసాలు చేస్తున్నాయి కాబట్టి, ఆచారం కూడా డబ్బు వెళ్లిన దారినే వెళ్లాలి. ప్రభుత్వ రంగ సంస్థల కమిటీకి కూడా ప్రతిపక్ష సభ్యుడే అధ్యక్షుడు కావాలన్నది ఈ వ్యాసం గట్టిగా చేస్తున్న ప్రతిపాదన.

డబ్బు వెళ్లిన దారికి ఉదాహరణ పూర్వపు కడప జిల్లాలోని మంగంపేట. ప్రపంచంలోని పెద్ద ముగ్గురాయి నిక్షేపాల్లో ఒకటి అక్కడ ఉంది. తవ్వేది 1961లో ఏర్పడిన రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ. 2025లో ఈ సంస్థ సుమారు రూ.9,000 కోట్ల మేర బాండ్లు జారీ చేయడం మీద పెద్ద రాజకీయ రగడ నడిచింది. అంతకుముందు 2022లో, వేరే ప్రభుత్వం ఉన్నప్పుడు, రాష్ట్ర బెవరేజెస్ కార్పొరేషన్ సుమారు రూ.8,305 కోట్ల బాండ్లు జారీ చేసింది. నాడు తప్పన్నవారు నేడు ఒప్పంటున్నారు, నాడు ఒప్పన్నవారు నేడు తప్పంటున్నారు. ప్రభుత్వం నేరుగా అప్పు తెస్తే అది బడ్జెట్‌లో కనిపిస్తుంది, సభలో చర్చకు వస్తుంది, రాజ్యాంగం 293వ అధికరణ కింద కేంద్రం అనుమతి దాకా వెళ్తుంది. కంపెనీ అప్పు తెస్తే బోర్డు తీర్మానంతో పని జరిగిపోతుంది. హామీదారు మాత్రం ప్రభుత్వమే, తీర్చే సొమ్ము చివరికి ప్రజలదే. ఇలాంటి అప్పులను రాష్ట్ర రుణ పరిమితిలో కలిపి చూస్తామని 2022లో కేంద్రం చెప్పిన తర్వాత కూడా, ఆ అప్పు షరతులేమిటో కమిటీ ముందు ఉంచే పద్ధతి మాత్రం రాలేదు. మంగంపేటలో వచ్చే ఏళ్లలో తవ్వబోయే రాయి మీద వచ్చే ఆదాయంలో ఎంత భాగం ముందే తాకట్టులో ఉందో తెలుసుకునే హక్కు ఆ గని చుట్టుపక్కల ఊళ్లకు ఉంది.

కాగ్ తనిఖీ ఉంది కదా అనే ప్రశ్న రావచ్చు. ఉంది, అది గట్టిదే. 2013 కంపెనీల చట్టం ప్రకారం ప్రభుత్వ కంపెనీకి ఆడిటర్‌ను నియమించేది కాగ్. ఆడిటర్ నివేదిక అందిన 60 రోజుల్లోగా అనుబంధ తనిఖీ చేసి వ్యాఖ్యలు జోడించే అధికారం కూడా కాగ్‌కు ఉంది. 395వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వ కంపెనీ వార్షిక నివేదికను సర్వసభ్య సమావేశం జరిగిన మూడు నెలల్లోగా తయారుచేసి, ఆడిట్ నివేదికతోనూ కాగ్ వ్యాఖ్యలతోనూ కలిపి శాసనసభ ముందు ఉంచాలి. కాగితం మీద ఇంతకన్నా పకడ్బందీ ఏర్పాటు ఉండదు. ఆచరణలో మాత్రం ఖాతాలే పూర్తికావు. సకాలంలో ఖాతాలు ఇవ్వని సంస్థల జాబితా కాగ్ నివేదికల్లో ఏటా కనిపిస్తూనే ఉంటుంది. ఖాతా లేకపోతే ఆడిట్ లేదు, ఆడిట్ లేకపోతే సభ ముందు పెట్టడానికి నివేదిక లేదు. కాగ్ నివేదికను గవర్నరు ద్వారా సభ ముందు ఉంచాలని చెప్పే రాజ్యాంగం 151వ అధికరణలో గడువు ఏదీ లేదు. సమావేశాల చివరి రోజున సభ్యులు ఊళ్లకు బయలుదేరే హడావుడిలో నివేదిక బల్లమీదికి వస్తే, దాన్ని చదివి అడిగే తీరిక ఎవరికి ఉంటుంది? ఆ తర్వాత కమిటీ దాన్ని తీసుకునేసరికి, సంబంధిత ఎండీ మూడు బదిలీలు దాటిపోయి ఉంటాడు. వచ్చి కూర్చున్న అధికారి తన హయాంలో జరగలేదని నీళ్లు నములుతాడు.

కడప ఉక్కు కథ ఈ కోణంలో ఎవరూ చూడని కథ. 2014 పునర్విభజన చట్టం పదమూడో షెడ్యూలు, వైఎస్సార్ జిల్లాలో సమీకృత ఉక్కు కర్మాగారం సాధ్యాసాధ్యాలను ఆరు నెలల్లో పరిశీలించమని కేంద్ర ఉక్కు సంస్థ సెయిల్‌కు చెప్పింది. అది తేలక, 2018 డిసెంబరు 27న మైలవరం మండలం కంబాలదిన్నెలో అప్పటి ప్రభుత్వం రాయలసీమ స్టీల్ కార్పొరేషన్ పేరుతో శంకుస్థాపన చేసింది. ఏడాది తిరక్కుండానే, 2019 డిసెంబరు 23న జమ్మలమడుగు మండలం సున్నపురాళ్లపల్లెలో తర్వాతి ప్రభుత్వం ఏపీ హైగ్రేడ్ స్టీల్స్ పేరుతో మరో కంపెనీకి శంకుస్థాపన చేసింది. 2023 ఫిబ్రవరిలో అదే చోట ప్రైవేటు సంస్థ జేఎస్‌డబ్ల్యూ ఆధ్వర్యంలో మళ్లీ పునాదిరాయి పడింది. ఫ్యాక్టరీ రాలేదన్న ఆవేదన జమ్మలమడుగు యువతలో ఎంత ఉందో అందరికీ తెలుసు. దానితోపాటు మరో ప్రశ్న కూడా ఉంది. మధ్యలో పుట్టిన రెండు ప్రభుత్వ కంపెనీలు ఎంత ఖర్చు చేశాయి, ఏ కన్సల్టెంట్లకు ఎంత ఇచ్చాయి, వాటి పేరున ఉన్న భూములూ ఒప్పందాలూ ఎవరికి సంక్రమించాయి? ఇవి ఉద్యమ నినాదాలతో తేలే సంగతులు కావు. వార్షిక నివేదికలు తెప్పించుకుని, డైరెక్టర్లను పిలిచి అడిగితే ఒక్క పూటలో తేలే సంగతులు. ప్రభుత్వ రంగ సంస్థల కమిటీ జమ్మలమడుగులోనే కూర్చుని ఈ విచారణ జరపడానికి ఏ నియమమూ అడ్డు రాదు.

రాష్ట్ర శాసనసభ చేతికి అందని కంపెనీలూ ఈ నేల మీద ఉన్నాయి. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం తవ్వి శుద్ధి చేసే యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా కేంద్ర అణుశక్తి విభాగం కింది సంస్థ. శుద్ధి తర్వాత మిగిలే వ్యర్థాలు చేరే చెరువు కె.కె.కొట్టాల దగ్గర ఉంది. ఆ చుట్టుపక్కల ఊళ్లలో బోరు నీళ్లు పాడయ్యాయనీ, అరటి తోటలు దెబ్బతిన్నాయనీ రైతులు ఏళ్లుగా చెబుతున్నారు. సంస్థ వాటిని ఖండిస్తూ వచ్చింది. ఇలాంటి వివాదంలో ఇరుపక్షాలూ నమ్మదగిన మూడో మనిషి కావాలి. ఆ మూడో మనిషి కావలసింది 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి. కానీ కాగ్ 2012లో పార్లమెంటుకు సమర్పించిన తనిఖీ నివేదికలో, ఆ మండలికి స్వతంత్ర చట్టబద్ధ హోదా లేదనీ, నియమాలు చేసే అధికారం లేదనీ, ఉల్లంఘనకు వేయగల జరిమానా కొన్ని సందర్భాల్లో గరిష్ఠంగా రూ.500 మాత్రమేననీ కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది. అప్పట్లో మండలి నివేదించుకునే అణుశక్తి సంఘానికి అధ్యక్షుడు అణుశక్తి విభాగం కార్యదర్శే. అంటే యురేనియం తవ్వే కంపెనీ, ఆ కంపెనీని అదుపు చేసే మండలి, రెండూ చివరికి ఒకే తలుపు తట్టేవి.

ఆ నివేదికను పార్లమెంటు ప్రజా పద్దుల కమిటీ చేతిలోకి తీసుకుంది. అప్పటి అధ్యక్షుడు ప్రతిపక్షానికి చెందిన మురళీ మనోహర్ జోషి. 2013 డిసెంబరులో కమిటీ నివేదిక వచ్చింది. ఈలోగా 2011లో ప్రవేశపెట్టిన అణు భద్రత నియంత్రణ సంస్థ బిల్లు 2014లో లోక్‌సభ రద్దుతో మురిగిపోయింది. చివరకు 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన, 'శాంతి' (SHANTI) అనే పొట్టి పేరున్న అణుశక్తి చట్టంలో అణుశక్తి నియంత్రణ మండలికి చట్టబద్ధ హోదా వచ్చింది. ఆ చట్టానికి అసలు ప్రేరణ అణు రంగంలోకి ప్రైవేటు పెట్టుబడిని రానివ్వడం కావచ్చు, అయినా కాగ్ ఎత్తిచూపిన లోపానికి జవాబు అందులో ఉంది. కాగ్ నివేదిక నుంచి చట్టం దాకా పదమూడేళ్లు పట్టింది. కె.కె.కొట్టాల రైతుకు ఇది చాలా పొడవైన కాలం. హోదా వచ్చినంత మాత్రాన స్వతంత్రత రాదు కాబట్టి, మండలి సభ్యులను ఎవరు ఎంపిక చేస్తున్నారు, నిధులు ఎక్కడి నుంచి వస్తున్నాయి, తుమ్మలపల్లె తనిఖీ ఫలితాలు ప్రజల ముందుకు వస్తున్నాయా అన్నది ఇకమీదట పార్లమెంటు కమిటీలు పట్టుబట్టి అడగాలి. ఈ పని చేయవలసిన బాధ్యత రాయలసీమ ఎంపీలందరి మీదా ఉంది.

స్వతంత్ర సంస్థలను చట్టసభ ప్రశ్నించడం వాటి స్వతంత్రతకు భంగం కాదా అన్న సందేహం న్యాయమైనదే. ఇక్కడ గీత ఎక్కడ గీయాలో విద్యుత్ చట్టమే చూపించింది. టారిఫ్ ఎంత ఉండాలో విద్యుత్ నియంత్రణ మండలికి చెప్పే హక్కు శాసనసభకు లేదు. ఉత్తర్వు నచ్చకపోతే అప్పిలేట్ ట్రైబ్యునల్‌కు వెళ్లాలి. సభ్యుల పదవీకాలం అయిదేళ్లు, అదే పదవిలో మళ్లీ నియామకం ఉండదు. దుష్ప్రవర్తన ఆరోపణ మీద తొలగించాలంటే ట్రైబ్యునల్ అధ్యక్షుడి విచారణ తప్పనిసరి. ఇన్ని రక్షణలు కల్పించిన చట్టమే 104, 105 సెక్షన్లలో మండలి లెక్కలను కాగ్ తనిఖీ చేయాలనీ, ఆ లెక్కలూ వార్షిక నివేదికా శాసనసభ ముందుకు రావాలనీ చెప్పింది. అంటే తీర్పులో జోక్యం కూడదు, పనితీరు మీద ప్రశ్న తప్పదు. దరఖాస్తులు చట్టం చెప్పిన 120 రోజుల్లో పరిష్కారమవుతున్నాయా, బహిరంగ విచారణకు ముందు ప్రజలకు అర్థమయ్యే తెలుగులో పత్రాలు దొరుకుతున్నాయా, గతంలో ఇచ్చిన ఆదేశాలను డిస్కంలు అమలు చేశాయా అని కమిటీ నిరభ్యంతరంగా అడగవచ్చు.

అంతకన్నా ముఖ్యంగా అడగవలసింది ప్రభుత్వాన్ని. మండలి సభ్యుడి పదవీకాలం ముగియడానికి ఆరు నెలల ముందే ఎంపిక సంఘానికి నివేదించాలని 85వ సెక్షన్ చెబుతోంది. పదవులను ఖాళీగా ఉంచడం, తాత్కాలిక ఏర్పాట్లతో నెట్టుకురావడం అనేది స్వతంత్ర సంస్థను చప్పుడు లేకుండా బలహీనపరిచే మార్గం. 108వ సెక్షన్ కింద ప్రజాప్రయోజనం పేరుతో ప్రభుత్వం మండలికి విధానపరమైన ఆదేశాలు ఇవ్వవచ్చు, అది విధాన విషయమా కాదా అన్నదానిలో ప్రభుత్వ నిర్ణయమే తుది. అలాంటి ప్రతి ఆదేశమూ సభ ముందుకు రావాలని నియమం పెట్టుకుంటే, మండలి మీద ఒత్తిడి తేవాలనుకునే ప్రభుత్వం పదిసార్లు ఆలోచిస్తుంది.

లోకాయుక్త, మానవ హక్కుల కమిషన్ కార్యాలయాలు 2021లో కర్నూలుకు వచ్చాయి. 2024లో ప్రభుత్వం వాటిని అమరావతికి తరలించే ఆలోచనను హైకోర్టుకు తెలిపింది. కర్నూలులో ఇది ప్రాంతీయ న్యాయానికి సంబంధించిన విషయమైంది, శ్రీబాగ్ ఒప్పందం గుర్తున్న జిల్లాలో అలా కావడం సహజం. అయితే కార్యాలయం ఏ ఊళ్లో ఉందన్న దాని మీద జరిగిన చర్చలో పదో వంతు కూడా, ఆ కార్యాలయం ఏటా ఇచ్చే నివేదిక మీద జరగలేదు. మానవ హక్కుల కమిషన్ నివేదికను, దాని మీద తీసుకున్న చర్యల వివరంతో సహా, అంగీకరించని సిఫార్సులుంటే కారణాలతో సహా సభ ముందు ఉంచాలని 1993 నాటి చట్టం స్పష్టంగా చెబుతోంది. కార్యాలయం కర్నూలులో ఉన్నా అమరావతిలో ఉన్నా, ఆ కారణాలు చదివి అడిగేవారు సభలో లేకపోతే ఫిర్యాదు చేసిన మనిషికి ఒరిగేది తక్కువ.

కేంద్ర, రాష్ట్ర సంస్థలు కలిసి పెట్టిన కంపెనీల దగ్గర పరిస్థితి ఇంకా సందిగ్ధం. ఉమ్మడి కర్నూలు జిల్లా గని, శకునాల గ్రామాల్లోని వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కును అభివృద్ధి చేసిన ఏపీ సోలార్ పవర్ కార్పొరేషన్‌లో కేంద్ర సంస్థ సెకీకి 50 శాతం, జెన్‌కోకు 41 శాతం, రాష్ట్ర సంప్రదాయేతర ఇంధన సంస్థ నెడ్‌క్యాప్‌కు 9 శాతం వాటాలున్నాయి. కాగ్ తనిఖీ నుంచి ఇలాంటివి తప్పించుకోలేవు. ఢిల్లీ కమిటీ చూస్తుందిలే అని వెలగపూడి, రాష్ట్రం చూసుకుంటుందిలే అని ఢిల్లీ అనుకునే ప్రమాదం మాత్రం ఉంది. భూమి ఇచ్చిన ఊరు రాష్ట్రంలోదే కాబట్టి రాష్ట్ర కమిటీయే ముందుకు రావడం సబబు.

ఆర్టీసీ సంగతి ప్రస్తుతానికి అన్నిటికన్నా అత్యవసరం. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలైనప్పటి నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆధార్ చూపించిన ఆడవాళ్లకు కండక్టరు సున్నా టికెట్ కొట్టి ఇస్తున్నాడు. అనంతపురం నుంచి తాడిపత్రికి వెళ్లే ఎక్స్‌ప్రెస్‌లో అలా కొట్టిన ప్రతి టికెట్ యంత్రంలో నమోదవుతుంది. సంస్థకు రావలసిన ఛార్జీని ప్రభుత్వం తిరిగి చెల్లించాలి. పథకం మంచిచెడ్డలు ప్రభుత్వ విధానం, కమిటీ పరిధిలోకి రాదు. సంస్థ లెక్క మాత్రం వస్తుంది. 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం ప్రకారం ఆర్టీసీ ఖాతాలు కాగ్ తనిఖీకి వెళ్తాయి. కానీ ఆ తనిఖీ ఏళ్ల తర్వాత వచ్చే మాట. ఈలోగా బకాయి పేరుకుపోతే కొత్త బస్సులు కొనడం ఆగిపోతుంది, డిపోల్లో విడిభాగాలకు కొరత వస్తుంది, చివరికి ఉచిత టికెట్ ఉన్న ఆడవాళ్లకే ఎక్కడానికి బస్సు ఉండదు. అందువల్ల ప్రభుత్వ రంగ సంస్థల కమిటీ ఆడిట్ కోసం ఎదురుచూడకుండా కడప జోన్ అధికారులనూ ఆర్థిక శాఖనూ ఇప్పుడే పిలిపించి, డిపోలవారీగా, నెలవారీగా ఎన్ని సున్నా టికెట్లు ఇచ్చారు, వాటి విలువ ఎంత, ఏ తేదీన ఎంత మొత్తం జమ అయింది, ఎంత మిగిలింది అనే వివరం తెప్పించుకుని, దాన్ని వచ్చే సమావేశాల మొదటి వారంలోనే సభ ముందు ఉంచాలి.